చేతి నరం ఒక్కో చోట ఒక్కోలా ఎందుకు స్పందిస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పలమనేరు ప్రాంతాల నుంచి చేతి తిమ్మిరితో నరాల పరీక్షకు వచ్చేవారు రిపోర్టు చూసుకొని సాధారణంగా మొదట అడిగేది ఒకటే: ఒకే నరానికి వేలి దగ్గర ఒక అంకె, మణికట్టు దగ్గర ఒక అంకె, మోచేతి దగ్గర మరొక అంకె ఎందుకు వేశారు, వీటిలో ఏది సరైనది? అన్నీ సరైనవే. అయితే ఏ చోట కొలిచారో తెలియనిదే ఏ అంకెకూ అర్థం ఉండదు. పరీక్షకు వచ్చేవారినీ, ఈ విషయం కొత్తగా నేర్చుకుంటున్న ఫిజియోథెరపీ, నర్సింగ్, వైద్య విద్యార్థులనూ దృష్టిలో పెట్టుకొని ఈ జవాబులు రాశాము.

నరం స్పందించడం అంటే ఏమిటి?

మనం నరం అని పిలిచేది వేల కొద్దీ సన్నని తంతువుల కట్ట. ఒక్కో తంతువు లోపలి భాగం వెలుపలి భాగంతో పోలిస్తే సుమారు 70 నుంచి 80 మిల్లీవోల్టుల మేర ఋణ విద్యుదావేశంతో ఉంటుంది. బయటి నుంచి ఇచ్చిన కరెంటు ఈ తేడాను కొంతమేర తగ్గించగానే సోడియం చానెళ్లు, అంటే తంతువు పొరలో సోడియాన్ని లోపలికి వదిలే సన్నని ద్వారాలు, ఒక్కసారిగా తెరుచుకుంటాయి, సంకేతం పుడుతుంది, అది తంతువు వెంట సాగిపోతుంది. సంకేతం పుట్టడానికి కావలసిన కనీస కరెంటును థ్రెషోల్డ్ అంటారు. థ్రెషోల్డ్ తక్కువగా ఉంటే నరం తేలికగా స్పందిస్తున్నదనీ, ఎక్కువగా ఉంటే కష్టంగా స్పందిస్తున్నదనీ అర్థం.

పెద్ద తంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. చెరకు గడకు కణుపులున్నట్టే ఈ పొరకూ మధ్యమధ్య తెరపులుంటాయి. 1870 దశకంలో వీటిని వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు మీద వీటిని రాన్వియర్ కణుపులంటారు. కణుపు పొడవు ఒక మైక్రాను మాత్రమే ఉంటుంది, రెండు కణుపుల మధ్య దూరం మాత్రం లావు తంతువుల్లో ఒక మిల్లీమీటరు, అంతకు కొంచెం పైన కూడా ఉంటుంది. సోడియం చానెళ్లు ఆ చిన్న కణుపులోనే కిక్కిరిసి, చదరపు మైక్రానుకు వెయ్యికి పైగా ఉంటాయి. పొటాషియం చానెళ్లలో ఒక రకం కణుపు దగ్గరే ఉంటుంది, మరొక రకం మైలిన్ కింద దాగి ఉంటుంది. కిందికి వచ్చే జవాబులన్నిటికీ ఈ అమరికే ఆధారం.

చేతిలోకి ఏయే నరాలు, ఏ దారిన వస్తాయి?

మీడియన్ నరం ముంజేతి నడుమ దిగి, మణికట్టు దగ్గర కార్పల్ టన్నెల్ అనే ఇరుకు దారిలోంచి అరచేతిలోకి వస్తుంది. ఈ దారికి మూడు వైపులా మణికట్టు ఎముకలు, పైన గట్టి అడ్డబంధం ఉంటాయి. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు కూడా ఇందులోంచే వెళ్తాయి కాబట్టి స్థలం చాలా తక్కువ. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో బొటనవేలి వైపు సగం, వీటి స్పర్శ మీడియన్ నరానిది. ఉంగరపువేలిలో మిగిలిన సగం, చిటికెనవేలు అల్నార్ నరానివి. అల్నార్ నరం మోచేతి వెనుక ఎముక పక్కనుంచి దిగి, మణికట్టు దగ్గర గయాన్ కాలువ అనే వేరే దారిన చేతిలోకి వస్తుంది. మోచేయి గోడకు తగిలినప్పుడు చిటికెనవేలి దాకా జివ్వుమనేది ఈ నరమే. చేతి వెనుక భాగంలో, బొటనవేలి వైపు చర్మానికి రేడియల్ నరపు పై శాఖ స్పర్శనిస్తుంది.

ఒకే వేలు రెండు నరాల పంపకంలో ఉండటం పరీక్ష చేసేవారికి ఎంతో ఉపయోగపడుతుంది. ఉంగరపువేలి నుంచి మణికట్టు దాకా రెండు నరాలకూ ఒకే దూరం తీసుకొని సంకేతం చేరే సమయాలను పోల్చినప్పుడు, మీడియన్ వైపు సమయం దాదాపు అర మిల్లీసెకను ఆలస్యమైతే ఇబ్బంది మణికట్టు దగ్గరే ఉందని గట్టిగా అనుమానించవచ్చు. వయసు, చేతి వేడి, చర్మం రెండు వైపులా ఒకటే కాబట్టి ఆ తేడాకు వాటిని కారణంగా చెప్పే అవకాశం లేదు.

ఒకే నరానికి చోటు మారితే వేరే మోతాదు కరెంటు ఎందుకు కావాలి?

దీనికి రెండు రకాల కారణాలున్నాయి, ఆ రెండింటినీ కలిపేయడం వల్లనే ఎక్కువ అపార్థాలు కలుగుతున్నాయి.

మొదటి రకం కారణాలకు నరంతో సంబంధం లేదు; ఎలక్ట్రోడ్‌కూ నరానికీ మధ్య ఏముందన్నదే ఇక్కడ ముఖ్యం. బొటనవేలి కొసను చిటికెనవేలి కొసకు తాకించి మణికట్టును కాస్త లోపలికి వంచండి. చాలామందిలో మణికట్టు మధ్యన ఒక సన్నని స్నాయువు తాడులా పైకి లేస్తుంది. కొందరిలో అది పుట్టుకతోనే ఉండదు, దానివల్ల లోటేమీ లేదు. ఆ స్నాయువుకూ దాని పక్కన బొటనవేలి వైపు ఉన్న లావు స్నాయువుకూ నడుమ, చర్మానికి కొద్ది లోతులోనే మీడియన్ నరం ఉంటుంది. అందుకే అక్కడ తక్కువ కరెంటు చాలు. అదే నరం ముంజేతి మధ్యకు వచ్చేసరికి కండరాల కిందికి పోతుంది, అరచేతిలో మందమైన పొర కిందికి వెళ్తుంది, కాబట్టి అక్కడ కరెంటు పెంచవలసి వస్తుంది. పెంచితే ఇంకొక చిక్కు వస్తుంది: అరచేతిలో మీడియన్, అల్నార్ శాఖలు దగ్గరదగ్గరగా ఉండటం వల్ల, కరెంటు పక్క నరానికి కూడా పాకి, రెండు నరాల స్పందనా కలిసిపోతుంది. పరీక్ష చేసేవారు అరచేతి దగ్గర మోతాదును కొద్దికొద్దిగా పెంచుతూ, వేలు కదిలే తీరును గమనిస్తూ ఉండేది ఇందుకే. లావుగా ఉన్న చేయి, నీరు పట్టిన చేయి, కాయలు కాచిన అరచేయి, ఇవన్నీ థ్రెషోల్డ్‌ను పెంచుతాయి, కాని వాటిలో ఏదీ నరాల జబ్బు కాదు.

రెండో రకం కారణాలు నరానివే. నరం వేళ్ల వైపు వెళ్లేకొద్దీ శాఖలుగా చీలుతుంది, తంతువులు సన్నబడతాయి, కణుపుల మధ్య దూరం తగ్గుతుంది, చుట్టూ ఉన్న వేడి కూడా తగ్గుతుంది. సన్నని తంతువును బయటి కరెంటుతో కదిలించడం లావు తంతువును కదిలించడం కన్నా కష్టం. వీటికి తోడు ఇరుకు దారుల్లో ఒత్తిడి, అక్కడి రక్తప్రసరణ, పాత దెబ్బలు కూడా ఆ చోటికి ప్రత్యేకమైన మార్పులు తెస్తాయి. కాబట్టి మోచేతి దగ్గర ఆరోగ్యంగా ఉన్న నరం మణికట్టు దగ్గర ఇబ్బంది పడుతూ ఉండవచ్చు, అరచేతిలోకి రాగానే మళ్లీ చక్కగా పనిచేస్తూ ఉండవచ్చు.

మరి లోతు ప్రభావాన్ని తీసేసి, నరం స్వభావాన్ని మాత్రమే కొలవడం సాధ్యమా?

చాలావరకు సాధ్యమే. మిల్లీయాంపియర్లను నేరుగా పోల్చకుండా, అదే చోట, అదే ఎలక్ట్రోడ్‌తో థ్రెషోల్డ్ ఎంత శాతం మారిందో చూడటమే ఇందులోని కిటుకు. నరం లోతుగా ఉంటే మొదటి అంకే పెద్దదిగా ఉంటుంది, మార్పు తరువాతి అంకె కూడా అదే నిష్పత్తిలో పెద్దదవుతుంది. శాతం లెక్కకు వచ్చేసరికి లోతు ప్రభావం పోతుంది. లండన్‌లో హ్యూ బోస్టాక్, సిడ్నీలో డేవిడ్ బర్క్, మాథ్యూ కియర్నన్ మొదలైనవారు ఈ కొలతలన్నిటినీ కలిపి పది నిమిషాల్లో ముగిసే ఒకే పరీక్షగా 2000లో రూపొందించారు.

మణికట్టు దగ్గర మీడియన్ నరానికి కరెంటు ఇచ్చి, బొటనవేలి మొదట్లోని కండ మీద స్పందనను నమోదు చేస్తారు. పూర్తి స్పందన ఎంతో ముందు చూసి, అందులో సుమారు 40 శాతం స్పందన ఎప్పుడూ వచ్చేలా కంప్యూటరు కరెంటును తనంతట తాను సరిదిద్దుకుంటుంది. ఆ పైన, నరాన్ని స్పందింపజేయని చిన్న కరెంటును పదో వంతు సెకను పాటు ముందుగా ఇచ్చి, దాని వల్ల థ్రెషోల్డ్ ఎంత పడిందో, దిశ మారిస్తే ఎంత పెరిగిందో చూస్తారు. తొలి కొన్ని మిల్లీసెకన్ల మార్పు కణుపు గురించి చెబుతుంది, ఆ తరువాత నెమ్మదిగా వచ్చే మార్పు మైలిన్ కింది భాగం గురించి, అక్కడి పొటాషియం చానెళ్ల గురించి చెబుతుంది.

మరొక కొలత, సంకేతం వెళ్లిన వెంటనే నరం తిరిగి ఎలా కోలుకుంటుందన్నది. మొదటి అర మిల్లీసెకను నుంచి ఒక మిల్లీసెకను దాకా ఎంత కరెంటు ఇచ్చినా నరం పలకదు. ఆ పైన సుమారు మూడు మిల్లీసెకన్ల వరకు కష్టంగా పలుకుతుంది. అయిదు నుంచి ఏడు మిల్లీసెకన్ల దగ్గర మాత్రం మామూలు కన్నా తేలికగా పలుకుతుంది. మణికట్టు దగ్గర మోటార్ తంతువుల్లో, అంటే కండరాలను కదిలించే తంతువుల్లో, థ్రెషోల్డ్ సుమారు అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తగ్గుతుంది. ఆ తరువాత దాదాపు వంద మిల్లీసెకన్ల దాకా మళ్లీ కొంచెం మందగిస్తుంది. ఆరోగ్యవంతమైన నరంలోనూ ఇంత ఎగుడుదిగుడు ఉంటుందన్న సంగతి నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇంత చేసినా చోటు ప్రభావం పూర్తిగా పోదు. మణికట్టు దగ్గరి మీడియన్ నరానికీ చీలమండ దగ్గరి పెరోనియల్ నరానికీ ఈ శాతాలు తేడాగానే వస్తాయి. మోచేతి దగ్గర తీసిన విలువలను మణికట్టు పట్టికతో పోల్చడం కూడా తగదు; ప్రతి చోటుకూ దాని సొంత సాధారణ విలువలు కావాలి. ఇది ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో, ముఖ్యంగా పరిశోధనల్లో చేసే పరీక్ష. డాక్టర్లు మామూలుగా రాసే నరాల పరీక్ష సంకేతపు వేగాన్నీ పరిమాణాన్నీ మాత్రమే కొలుస్తుంది. రెండూ ఒకటి కావు: సంకేతం మామూలు వేగంతోనే ప్రయాణిస్తూ ఉండగా, తంతువుల స్పందించే గుణం మాత్రం మారిపోయి ఉండవచ్చు.

మణికట్టు దగ్గర సెంటీమీటరు సెంటీమీటరుకూ కరెంటు ఎందుకు ఇస్తారు?

మణికట్టు పైనుంచి అరచేతి దాకా మొత్తం దూరానికి ఒకే సగటు వేగం లెక్కిస్తే, ఒక చిన్న చోట ఉన్న అడ్డంకి ఆ సగటులో కలిసిపోతుంది. జున్ కిమురా 1979లో మీడియన్ నరం వెంట ఒక్కొక్క సెంటీమీటరు జరుపుతూ కొలిచి చూపించారు. ఆరోగ్యంగా ఉన్న నరంలో ప్రతి సెంటీమీటరుకూ 0.16 నుంచి 0.21 మిల్లీసెకన్లు చొప్పున సమయం సమంగా పెరుగుతూ పోతుంది. కార్పల్ టన్నెల్ ఇబ్బంది ఉన్నవారిలో చాలామందికి, అడ్డబంధం మొదలైన చోటు నుంచి వేళ్ల వైపు రెండు, నాలుగు సెంటీమీటర్ల నడుమ ఒక్క సెంటీమీటరులోనే సమయం ఉన్నట్టుండి ఎగబాకుతుంది. నరం ఎక్కడ నలుగుతున్నదో అంత సూటిగా చూపే పద్ధతి మరొకటి అరుదు. అయితే ఒక సెంటీమీటరు దూరంలో ఎలక్ట్రోడ్ రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా లెక్క చెడుతుంది కాబట్టి, చేయి కదలకుండా ఉంచమని పదేపదే చెబుతారు. దయచేసి విసుక్కోకండి.

ముందు తిమ్మిరి మొదలవుతుంది, బలహీనత ఎప్పుడో గాని రాదు. ఎందుకు?

స్పర్శను మోసే తంతువులు కండరాలను కదిలించే తంతువుల కన్నా తేలికగా స్పందించే స్వభావం గలవి. పూర్తిగా మూసుకోకుండా కొద్దికొద్దిగా సోడియాన్ని లోపలికి రానిచ్చే ప్రవాహం వాటిలో ఎక్కువ. అందుకే నరం ఇబ్బంది పడగానే అవి తమంతట తామే సంకేతాలు పుట్టిస్తాయి. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు మనకు తెలిసేది అదే. మోటార్ తంతువులు అలా తొందరపడవు. నొక్కుడు ఎక్కువకాలం సాగి, తంతువులే దెబ్బతిన్నప్పుడు బొటనవేలి మొదట్లోని కండ కరగడం మొదలవుతుంది.

విద్యార్థుల కోసం ఒక చిన్న లెక్క. జార్జ్ వైస్ 1901లో చెప్పిన సూత్రం ప్రకారం, కరెంటు ఇచ్చే వ్యవధి తగ్గేకొద్దీ కావలసిన కరెంటు పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది తంతువు కాలస్థిరాంకం, అంటే ఆ తంతువు స్వభావాన్ని తెలిపే ఒక సమయపు విలువ, మీద ఆధారపడుతుంది: కాలస్థిరాంకాన్ని పల్స్ వ్యవధితో భాగించి ఒకటి కలిపితే ఎన్ని రెట్లో వస్తుంది. మోటార్ తంతువుకు అది 0.4 మిల్లీసెకన్లు, స్పర్శ తంతువుకు 0.6 అనుకుందాం. చాలా సేపు ఇచ్చిన కరెంటుకు కావలసిన కనీసాన్ని ఒకటిగా తీసుకుంటే, 0.2 మిల్లీసెకన్ల పల్స్‌కు మోటార్ తంతువుకు మూడు రెట్లు, స్పర్శ తంతువుకు నాలుగు రెట్లు కావాలి. ఒక మిల్లీసెకను పల్స్‌కైతే 1.4, 1.6 చాలు. అంటే పల్స్ వ్యవధి పెంచినందువల్ల ఎక్కువ లాభపడేది స్పర్శ తంతువులే. పరీక్షలో ఏ తంతువులను కదిలించాలన్నదాన్ని బట్టి వ్యవధి ఎంచుకోవడానికి మూలం ఇదే.

రాత్రిపూట తిమ్మిరితో మెలకువ వస్తుంది, చేయి విదిలిస్తే తగ్గుతుంది. కారణమేమిటి?

నిద్రలో మణికట్టు మనకు తెలియకుండానే వంగిపోతుంది. 1981లో అమెరికా శస్త్రవైద్యులు కార్పల్ టన్నెల్‌లోకి సన్నని గొట్టం పంపి లోపలి ఒత్తిడిని కొలిచారు. ఆరోగ్యవంతుల్లో చేయి తిన్నగా ఉన్నప్పుడు అది సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే ఉంటే, జబ్బు ఉన్నవారిలో 32 ఉంది; మణికట్టు వంచినప్పుడు 94కు, వెనక్కు వంచినప్పుడు 110కు పెరిగింది. నరంలోని చిన్న రక్తనాళాల్లో రక్తం మందగించడానికి 30 చాలు.

రక్తం అందకపోతే సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి పంపే పంపుకు శక్తి ఉండదు. నరం లోపలి ఋణావేశం తగ్గి, థ్రెషోల్డ్ పడిపోతుంది, స్పర్శ తంతువులు ఉత్తపుణ్యానికే సంకేతాలు పంపడం మొదలుపెడతాయి. చేయి విదిలించగానే రక్తం తిరిగి చేరుతుంది, పంపు మామూలు కన్నా వేగంగా పనిచేస్తుంది, ఆ అస్థిరత తీరే దాకా తిమ్మిరి ఒక్క క్షణం ఎక్కువై తరువాత తగ్గుతుంది. మణికట్టును తిన్నగా ఉంచే పట్టీని రాత్రిపూట కట్టుకొమ్మని డాక్టర్లు చెప్పడం వెనుక ఉన్న కారణం ఇదే, అది ఉత్తుత్తి సలహా కాదు.

వేళ్లు తిమ్మిరెక్కుతున్నా అరచేతి మొదట్లో స్పర్శ బాగానే ఉంది. జబ్బు నరానిది కాదా?

నరానిదే. అరచేతి మొదలుకు స్పర్శనిచ్చే శాఖ మీడియన్ నరం నుంచి మణికట్టుకు పైననే విడిపోయి, టన్నెల్ బయటి నుంచే వస్తుంది. కాబట్టి ఆ చోట స్పర్శ బాగుండి వేళ్లకు మాత్రమే తిమ్మిరి ఉండటం కార్పల్ టన్నెల్ వైపే వేలు చూపుతుంది. అక్కడ కూడా తగ్గిందంటే ఇబ్బంది మణికట్టుకు పైన, మోచేతి వైపో మెడ వైపో ఉందేమో చూడాలి.

చలి వల్ల రిపోర్టు మారుతుందా?

తప్పకుండా మారుతుంది. చేయి ఒక డిగ్రీ సెల్సియస్ చల్లబడితే సంకేతపు వేగం సెకనుకు సుమారు ఒకటిన్నర నుంచి రెండున్నర మీటర్లు తగ్గుతుంది. ఒక స్పందన తరువాత నరం కోలుకోవడానికి పట్టే సమయం వేడికి మరింత సున్నితమైనది. చల్లని చేతిలో అది బాగా సాగిపోతుంది. చల్లదనం కూడా నరం వెంట సమంగా ఉండదు. మోచేయి వెచ్చగానే ఉంటుంది, వేళ్ల కొసలు చల్లబడతాయి, కాబట్టి ఉన్న చోటు తేడాకు చలి తేడా వచ్చి తోడవుతుంది.

తిరుపతి ఎండలో చేతులు చల్లబడటమేమిటని అడిగేవారున్నారు. ఏసీ గదిలో అరగంట కూర్చుంటే చాలు. పలమనేరు వైపు నుంచి శీతాకాలపు తెల్లవారుజామున బస్సెక్కి నేరుగా పరీక్షకు వచ్చేవారి చేతులు ఎంత చల్లగా ఉంటాయో పట్టుకున్నప్పుడే తెలుస్తుంది. చేతి చర్మం 32 డిగ్రీలకు తగ్గకుండా చూసుకొని, అవసరమైతే గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచిన తరువాతే మొదలుపెట్టాలి. ఉష్ణోగ్రత రాయని రిపోర్టు వస్తే, రాసి ఇమ్మని అడగడం మీ హక్కు.

కొన్ని మందులు చలికి నరాన్ని మరీ సున్నితం చేస్తాయి. పెద్దపేగు క్యాన్సరుకు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ తీసుకున్న కొన్ని రోజుల పాటు చల్లని గ్లాసు పట్టుకున్నా వేళ్లు చురుక్కుమంటాయి. సోడియం చానెళ్లు మూసుకునే తీరును ఆ మందు మార్చడమే అందుకు కారణం.

షుగరు, కిడ్నీ జబ్బులు ఉన్నవారిలో తేడా ఎలా ఉంటుంది?

షుగరు వల్ల నరాలు దెబ్బతినేటప్పుడు పొడవైన తంతువుల కొసలే ముందుగా నష్టపోతాయి. అందుకే మంట, తిమ్మిరి పాదాల్లో మొదలై, చాలా ఆలస్యంగా వేళ్ల కొసలకు వస్తాయి. దానితో పాటు మణికట్టు దగ్గర మీడియన్ నరం నలగడం కూడా షుగరు ఉన్నవారిలో ఎక్కువ. ఈ రెండూ ఒకే చేతిలో కలిసినప్పుడు, వేలి దగ్గర, అరచేతి దగ్గర, మణికట్టు దగ్గర విడివిడిగా కొలిస్తే తప్ప ఏది ఎంతో తేలదు. ఒక విచిత్రం కూడా ఉంది: షుగరు ఉన్నవారి నరం రక్తం అందకపోయినా మామూలువారి నరం కన్నా ఎక్కువసేపు పలుకుతూ ఉంటుంది. అది ఆరోగ్యానికి గుర్తని పొరబడవద్దు.

కిడ్నీలు పనిచేయనివారిలో రక్తంలోని పొటాషియం పెరుగుతుంది, దాంతో నరం లోపలి ఋణావేశం తగ్గుతుంది. డయాలిసిస్‌కు ముందు, తరువాత థ్రెషోల్డ్ కొలతలు తీసినప్పుడు ఈ మార్పు డయాలిసిస్ తరువాత చాలావరకు సర్దుకోవడం కనిపించింది. అంటే ఒకే చేతికి, ఒకే చోట, ఒకే రోజున రెండు వేరువేరు ఫలితాలు రావచ్చు. డయాలిసిస్ చేయించుకుంటున్నవారు ఆ సంగతి, చివరిసారి ఎప్పుడు జరిగిందన్నది తప్పక చెప్పాలి. ఫిస్టులా (డయాలిసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతి గురించి కూడా ముందే చెప్పండి.

మా ప్రాంతపు చేతిపనుల వల్ల ఈ ఇబ్బంది వస్తుందా?

మణికట్టు వంచి, బలంగా పట్టి, అదే కదలికను గంటల తరబడి చేసే ఏ పనిలోనైనా మీడియన్ నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. చిత్తూరు జిల్లా పాడికి పేరున్న జిల్లా. ఉదయం సాయంత్రం చేత్తో పాలు పితికే ఆడవాళ్లలో ఈ తిమ్మిరి తరచుగా కనిపిస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారి విషయం కొంచెం వేరు. వెదురు కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో నొక్కుతూ, కారే రంగును అదుపులో పెట్టుకుంటూ గీత లాగాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఏకధాటిగా బిగిసి ఉంటాయి, అంటే శ్రమంతా మీడియన్ నరం పరిధిలోనే పడుతుంది. కల్యాణకట్టలో తలనీలాలు తీసే క్షురకులు కత్తి పట్టిన చేతిని ఎన్నో కోణాల్లో వంచుతూ ఉంటారు.

మాధవమాల కొయ్యబొమ్మల పనిలో ఉలి పిడిని అరచేతి అంచుతో నెట్టే అలవాటున్నవారికి మాత్రం నొక్కుడు గయాన్ కాలువ దగ్గర, అంటే అల్నార్ నరం మీద పడవచ్చు. అప్పుడు తిమ్మిరి చిటికెనవేలి వైపు ఉంటుంది, కొన్నిసార్లు తిమ్మిరే లేకుండా చేతి పట్టు తగ్గుతుంది. పని ఏమిటో, ఏ వేలు ఏ వైపు ఒత్తుకుంటుందో వివరంగా చెబితే ఎలక్ట్రోడ్ ఎక్కడ పెట్టాలో సగం తేలిపోతుంది. పని మానేయమని చెప్పడం సులభం, కాని దాని మీదనే బతికేవారికి అది జవాబు కాదు. పిడి లావు మార్చడం, నడుమ విరామం తీసుకోవడం, రాత్రి పట్టీ కట్టుకోవడం ముందుగా ప్రయత్నించదగినవి. గర్భిణులు, థైరాయిడ్ తక్కువగా ఉన్నవారు, కీళ్లవాతం ఉన్నవారు ఏ పని చేయకపోయినా ఈ ఇబ్బంది పడవచ్చు.

కుష్ఠు కూడా ఫలానా చోటనే నరాన్ని పట్టుకుంటుందంటారు. నిజమేనా?

నిజమే. కుష్ఠు క్రిమి శరీరం లోపలి వేడి కన్నా తక్కువ వేడిలో బాగా పెరుగుతుంది. అందుచేత నరం చర్మానికి దగ్గరగా, చల్లగా ఉండే చోట్లనే ఎంచుకుంటుంది: అల్నార్ నరానికి మోచేతికి కాస్త పైన, మీడియన్ నరానికి మణికట్టుకు కాస్త పైన, రేడియల్ పై శాఖకు మణికట్టు దగ్గర. అక్కడ నరం లావెక్కి చేతికి తగులుతుంది, నొక్కితే నొప్పి పెడుతుంది. చర్మం మీద స్పర్శ తెలియని మచ్చ ఉండి, చిటికెనవేలు తిమ్మిరెక్కుతుంటే ఆలస్యం చేయకండి. దీనికి బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతుంది, తొందరగా మొదలుపెడితే చేయి వంకరపోకుండా కాపాడుకోవచ్చు.

చేతిలో ఒక వైపు కండ కరిగి, మరొక వైపు బాగుంటే భయపడాలా?

కండరాలను కదిలించే నరకణాలు క్రమంగా నశించే ఏఎల్‌ఎస్ అనే అరుదైన జబ్బులో బొటనవేలి మొదట్లోని కండ, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉన్న కండ ముందుగా కరిగి, చిటికెనవేలి వైపు కండ చాలాకాలం నిలుస్తుంది. ఈ రెండోదీ మూడోదీ ఒకే అల్నార్ నరం కదిలించే కండలే కావడం గమనించదగినది. ఒకే నరంలోని తంతువులు వెళ్లే కండను బట్టి వేరు స్వభావంతో ఉంటాయని, బొటనవేలి వైపు వెళ్లేవి ఎక్కువ తేలికగా స్పందిస్తాయని థ్రెషోల్డ్ పరిశోధనలు చూపాయి. ఈ అసమానతకు అది ఒక కారణమై ఉండవచ్చని భావిస్తున్నారు. మెదడు వైపు కారణాలను కూడా పరిశీలిస్తున్నారు.

ఇది చదివి ఎవరూ కంగారు పడవద్దు. తిమ్మిరి, స్పర్శ తగ్గడం ఏఎల్‌ఎస్ లక్షణాలు కావు. చేతి కండ కరగడానికి మణికట్టు దగ్గరో మోచేతి దగ్గరో మెడ దగ్గరో నరం నలగడమే చాలా ఎక్కువ సందర్భాల్లో కారణం. అయినా కండ కరుగుతున్నట్టు కనిపిస్తే వాయిదా వేయకుండా న్యూరాలజీ డాక్టరుకు చూపించాలి. తిరుపతి స్విమ్స్‌లో ఆ విభాగం ఉంది.

మోచేతి దగ్గర వేగం మామూలు కన్నా ఎక్కువ వచ్చింది. యంత్రం తప్పా?

కాకపోవచ్చు. సుమారు 15 నుంచి 30 శాతం మందిలో మీడియన్ నరంలోని కొన్ని తంతువులు ముంజేతిలో అల్నార్ నరంలోకి దాటుతాయి. దీన్ని మార్టిన్ గ్రూబర్ కలయిక అంటారు. అలాంటివారికి కార్పల్ టన్నెల్ ఇబ్బంది కూడా ఉంటే, మోచేతి దగ్గర ఇచ్చిన సంకేతంలో కొంత భాగం అల్నార్ దారిన, ఇరుకు తప్పించుకొని ముందే చేరుతుంది, మణికట్టు దగ్గర ఇచ్చినది మాత్రం ఇరుకులో ఆలస్యమవుతుంది. రెండింటి తేడాతో లెక్కకట్టిన ముంజేతి వేగం నమ్మశక్యం కానంత ఎక్కువ వస్తుంది. గ్రాఫు మొదట్లో కిందికి ఒక చిన్న వంపు కనిపించడం దీనికి ఆనవాలు.

పరీక్షకు ఎలా రావాలి?

చేతులకు నూనె, క్రీము రాయకుండా రండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి. గుడిలో కట్టించుకున్న దారాన్ని తీయనక్కరలేదు, పైకి జరిపితే చాలు. గుండెకు పేస్‌మేకరు ఉంటే మొదటి మాటగా చెప్పండి. మామూలుగా వేసుకునే మందులు వేసుకొనే రావచ్చు, చీటీ మాత్రం వెంట తెచ్చుకోండి. కరెంటు చురుక్కుమంటుంది, హాని చేయదు.

రిపోర్టులో ఒక అంకె హద్దు దాటింది. ఆపరేషన్ తప్పదా?

ఒక్క అంకెతో ఎవరూ ఆ నిర్ణయం తీసుకోరు, తీసుకోకూడదు. ముందుగా ఏ చోట, ఎంత దూరంలో, ఎంత వేడిలో తీసిన అంకెనో చూడాలి. మణికట్టు నుంచి బొటనవేలి కండకు సంకేతం చేరడానికి సాధారణంగా 4.2, 4.4 మిల్లీసెకన్ల దాకా మామూలే అంటారు గాని, ఆ హద్దు ఒక్కో ల్యాబ్ వాడే దూరాన్ని బట్టి మారుతుంది. రెండో చేతితో, అదే చేతిలోని అల్నార్ నరంతో పోల్చాలి. మీడియన్ నరం మణికట్టు పైన, కింద బాగుండి ఆ ఇరుకులో మాత్రమే మందగించిందా, లేక అంతటా మందగించిందా అన్నది చికిత్సను పూర్తిగా మార్చేస్తుంది, ఎందుకంటే అడ్డబంధాన్ని కోసి వదులు చేసే ఆపరేషన్ మొదటి దానికే పనికి వస్తుంది. తిమ్మిరి వచ్చిపోతూ ఉన్నంతవరకు పట్టీతో, పని పద్ధతి మార్పుతో చాలామందికి ఉపశమనం ఉంటుంది. తిమ్మిరి పగలూ రాత్రీ వదలకుండా ఉన్నా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా, బొటనవేలి కండ పలచబడినా ఆపరేషన్ గురించి డాక్టరుతో ఆలస్యం లేకుండా మాట్లాడాలి. తంతువులు ఎండిపోయాక అడ్డబంధాన్ని కోసినా కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.